ఈస్టర్ బుట్ట, ఆంజనేయుడి సింధూరం: పరాయి దేశంలో ఒక పండుగ నేర్పిన పాఠం



"ఇక్కడ ఈస్టర్‌కి ఇంటికి రమ్మని పిలిచారు. వెళ్ళొచ్చా? వెళ్తే దోషమా? వెళ్ళకపోతే వాళ్ళు బాధపడతారేమో!" విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకి ఏదో ఒక సంవత్సరం ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నాకు 2023లో వచ్చింది. అప్పుడు నేను పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో ఉన్నాను. ఈ వారం వీడియోలో ఆ సంగతి కొంచెమే చెప్పగలిగాను. మిగతాది, ముఖ్యంగా నేను సిగ్గుపడ్డ భాగం, ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

నేను అద్దెకున్నది ఒక పాత ఇంటి మేడ మీద గది. కింద ఓనరమ్మ ఉండేది. డెబ్బై దాటిన పెద్దావిడ. అందరూ ఆవిడని "బాప్చా" అని పిలిచేవాళ్ళు, పోలిష్‌లో అమ్మమ్మ అని అర్థం. నేనూ అలాగే పిలిచేదాకా ఊరుకోలేదు. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, నాకు పోలిష్ రాదు. కాలేజీ చదివే మనవరాలు ఇద్దరి మధ్యా అనువాదం చేసేది.

పౌర్ణమి కలిపిన రెండు పండుగలు

ముందు ఒక చిన్న విషయం తెలుసుకుందాం. ఈస్టర్ ప్రతి ఏడాదీ ఒకే తేదీన ఎందుకు రాదు? క్రిస్మస్ డిసెంబర్ 25న స్థిరంగా వస్తుంది కదా, ఇదెందుకు జరుగుతుంది? ఎందుకంటే ఇది చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగ. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. వాళ్ళ చర్చి పౌర్ణమిని తన పట్టికల ప్రకారం లెక్కిస్తుంది, మనం పంచాంగం చూస్తాం. అయినా చాలాసార్లు అది మన ఫాల్గుణ పౌర్ణమికో, చైత్ర పౌర్ణమికో దగ్గరగానే పడుతుంది.

2023లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6, గురువారం వచ్చింది. అంటే హనుమాన్ జయంతి. మాది కరీంనగర్ వైపు. ఆ రోజు కొండగట్టు అంతా కాషాయమే. మాల వేసుకున్న స్వాములు కాలినడకన కొండకి చేరుతుంటారు. సరిగ్గా అదే గురువారం క్రైస్తవులకి పవిత్ర గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే, ఏప్రిల్ 9 ఆదివారం ఈస్టర్.

ఆ ముందు ఆదివారం బాప్చా చర్చి నుంచి ఒక కొమ్మల గుత్తి తెచ్చింది. దాన్ని "పామ్" అంటారట. ఏసు జెరూసలేం వచ్చినప్పుడు జనం ఖర్జూరపు మట్టలతో స్వాగతం చెప్పారని వాళ్ళ గ్రంథం చెప్తుంది. కానీ పోలండ్ చలిలో ఖర్జూర చెట్లు ఎక్కడివి? అందుకని అప్పుడే దూది పూసల్లాంటి మొగ్గలు వేసే విల్లో కొమ్మలకి, ఎండు పూలు కట్టి వాడతారు. లిప్నిత్సా మురోవానా అనే ఊళ్ళో 1958 నుంచి వీటికి పోటీలే పెడతారు. ముప్ఫై మీటర్లు దాటిన పామ్‌లు కూడా అక్కడ నిలబెట్టారు.

అది చూసి నాకు మనసు తేలికపడింది. ఎందుకంటే మార్చి 22న ఉగాదికి మామిడాకులు దొరకలేదని, వేపపువ్వు లేదని నేను రోజంతా మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. వీళ్ళు చూడండి, దొరకని మట్ట గురించి ఏడవలేదు. తమ నేల మీద మొలిచిన కొమ్మనే దేవుడికి పట్టుకెళ్ళారు. పత్రమైనా, పుష్పమైనా, నీళ్ళయినా భక్తితో ఇస్తే చాలని కృష్ణ పరమాత్మ గీత తొమ్మిదో అధ్యాయంలో చెప్పింది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసు అనుకున్నాను, అంతే.

నేను ఆడిన అబద్ధం

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి, ఆంజనేయస్వామి పటానికి కొండగట్టు నుంచి తెచ్చుకున్న సింధూరం నూనెలో కలిపి పెట్టాను. అగరుబత్తీ వెలిగించి చాలీసా చదువుకుంటున్నాను. తలుపు చప్పుడైంది. చూస్తే బాప్చా, వెనకాల మనవరాలు. పొగ వాసనకి తిట్టడానికి వచ్చారనుకుని గుండె దడదడలాడింది.

ఆవిడ ఏమీ అనలేదు. గుమ్మం దగ్గరే ఆగి, పటం వైపు చూసి, కాసేపు చేతులు ముందు కట్టుకుని నిలబడింది. తర్వాత మనవరాలితో చెప్పించింది: "ఆదివారం పొద్దున మాతో కలిసి భోంచెయ్యాలి. పండగ పూట ఎవరూ ఒంటరిగా తినకూడదు."

ఇక్కడే నేను తప్పు చేశాను. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఈస్టర్ అంటేనే గుడ్లు, మాంసం అని విన్నాను. పైగా అది వాళ్ళ మతానికి సంబంధించిన భోజనం. ఎలా వద్దనాలో తెలియక, "ఆదివారం నాకు ఆఫీసు పని ఉందండీ" అనేశాను. ఆ రోజు ఊళ్ళో దుకాణాలే తెరవరు. ఆఫీసు పని ఎక్కడిది? ఆవిడకి అర్థమైందో లేదో గానీ, తల ఊపి మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ అన్నది ఇది: "ఆళ్ళింటికి పోతే మన దేవుడు ఏడికి పోతడు బిడ్డా? పోవాలనిపిస్తే పో, లేకుంటే లేదు. తిననిది తిననని చెప్పు. గానీ హనుమంతుని ముంగట దీపం పెట్టి, అదే నోటితోని పెద్దమనిషికి అబద్ధం చెప్తవా?"

నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం కిందకి వెళ్ళి నిజం చెప్పేశాను. పని లేదని, మాంసం, గుడ్డు తిననని, ఎలా చెప్పాలో తెలియక అలా అన్నానని. మనవరాలు అనువదించగానే బాప్చా పడీ పడీ నవ్వింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. వాళ్ళూ మాంసం ముట్టరు, కడుపు నిండా తినేది ఒక్క పూటే. మన భాషలో చెప్పాలంటే ఒక్కపొద్దు. ఆవిడ అన్నదేమిటంటే, "మేము ఇవాళ చేసేది నువ్వు రోజూ చేస్తున్నావా? అయితే నీకు ఏడాదంతా శుక్రవారమే!"

అంత తేలికైన విషయానికి నేను రాత్రంతా నలిగిపోయాను చూడండి.

శనివారం బుట్ట, జవాబు లేని ప్రశ్న

శనివారం పొద్దున బాప్చా వంటింట్లో బుట్ట సర్దుతుంటే దగ్గర కూర్చున్నాను. ఈ ఆచారాన్ని "శ్వెంత్సోంకా" అంటారు. ఈస్టర్ ముందు రోజు ప్రతి ఇంటి నుంచీ ఒక బుట్టలో కొంచెం కొంచెం ఆహారం సర్ది, తెల్లటి గుడ్డ కప్పి చర్చికి తీసుకెళ్తారు. ఫాదర్ వాటి మీద పవిత్ర జలం చల్లి ఆశీర్వదిస్తారు. ఆ ఆహారాన్ని ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ పంచుకుని తింటారు.

ఆవిడ ఒక్కొక్కటీ బుట్టలో పెడుతూ దాని అర్థం చెప్పింది. రొట్టె, రోజూ కడుపు నింపే అన్నం కాబట్టి, వాళ్ళకి అది క్రీస్తు దేహానికి కూడా గుర్తు. గుడ్డు, కొత్త ప్రాణానికి. ఉల్లిపాయ పొట్టు వేసి ఉడికిస్తే గుడ్డు పెంకుకి ఎర్రమట్టి రంగు వస్తుంది, దాని మీద సన్నగా గీకి ముగ్గుల్లాంటి బొమ్మలు వేస్తారు. ఉప్పు, పాడవకుండా కాపాడేది. వెన్నతో చేసిన చిన్న గొర్రెపిల్ల, క్రీస్తుకి గుర్తు. చివరగా హార్స్‌రాడిష్ అనే దుంప. ఆవ ఘాటు ఉంటుంది, ముక్కుకి ఎక్కుతుంది. క్రీస్తు పడ్డ బాధ మరిచిపోకూడదని అది పెడతారట.

పండగ భోజనంలో ఘాటుని, చేదుని కావాలని పెట్టుకోవడం! నాకు వెంటనే ఉగాది పచ్చడి గుర్తొచ్చింది. మా దగ్గర కొత్త సంవత్సరం మొదటి ముద్దలో వేపపువ్వు ఉంటుందని, ఆరు రుచులూ ఉంటాయని చెప్పాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. నేను చాలా గొప్పగా ఫీలయ్యాను.

అప్పుడు ఆవిడ అడిగింది: "మొన్న నీ గదిలో చూశాను. మీ దేవుడి బొమ్మకి ఒళ్ళంతా ఆ నారింజ రంగు ఎందుకు పూశావు?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. "అది... మా దగ్గర అలాగే పూస్తారు" అన్నాను. "ఎందుకు?" అంది మళ్ళీ, పసిపిల్లలా. "చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాను.

ఆవిడ తన బుట్టలో చిటికెడు ఉప్పుకి కూడా అర్థం చెప్పింది. నేను ఇరవై ఆరేళ్ళుగా నుదుట పెట్టుకుంటున్న సింధూరానికి అర్థం చెప్పలేకపోయాను. నిజానికి చిన్నప్పుడు నానమ్మ చెప్పే ఉంటుంది. నేను ఫోన్ చూసుకుంటూ వినలేదు. మన సంస్కృతి గొప్పది అని స్టేటస్‌లు పెట్టేవాణ్ణి నేను. అడిగిన రోజు చేతిలో ఏమీ లేదు.

మధ్యాహ్నం బుట్ట నేనే మోశాను. చర్చి బయట పొడవాటి బల్లల మీద వరసగా బుట్టలు, చుట్టూ పిల్లలు, ముసలివాళ్ళు. ఫాదర్ కుంచెతో నీళ్ళు చల్లుకుంటూ వచ్చారు. నా మీదా నాలుగు చుక్కలు పడ్డాయి. గుళ్ళో తీర్థం చల్లినప్పుడు మన వాళ్ళు తల వంచినట్టే అక్కడా అందరూ తలలు వంచారు.

సాయంత్రం అమ్మకి మళ్ళీ ఫోన్. ఈసారి అడగడానికి. పెద్దలు చెప్పే కథ అమ్మ చెప్పింది. ఒకనాడు సీతమ్మ పాపిట్లో సింధూరం పెట్టుకుంటుంటే హనుమంతుడు ఎందుకమ్మా అని అడిగాడట. రాముడి ఆయుష్షు కోసం అందట ఆ తల్లి. ఆ చిటికెడుతోనే స్వామికి ఆయుష్షు పెరిగితే, ఒళ్ళంతా పూసుకుంటే ఇంకెంత పెరుగుతుందోనని హనుమంతుడు నిలువెల్లా పూసుకుని సభకి వచ్చేశాడట. కథ అయిపోయాక అమ్మ, "ఇప్పటికన్న అడిగినవ్, అదే సంతోషం" అంది.

ఆదివారం: రెండు పళ్ళాలు

గురువారం సాయంత్రం మూగబోయిన చర్చి గంటలు శనివారం రాత్రి ప్రార్థనతో మళ్ళీ మొదలవుతాయి. ఆదివారం తెల్లవారుజామున ఆ గంటలకే నాకు మెలకువ వచ్చింది. లేచి రవ్వ కేసరి చేశాను. పోలండ్‌లో మన బొంబాయి రవ్వలాంటిదే ప్రతి కొట్లోనూ దొరుకుతుంది, చిన్నపిల్లలకి జావ చేస్తారు. నెయ్యి దొరకలేదు, వెన్న కాచుకున్నాను. స్వామికి నైవేద్యం పెట్టి, ఆ గిన్నెతో కిందకి దిగాను.

బల్ల దగ్గర పదిమంది ఉన్నారు. బాప్చా ఆశీర్వదించిన గుడ్డుని ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టింది. ఒక్కొక్కరూ ఒక ముక్క తీసుకుని, పక్కవాళ్ళకి మంచి జరగాలని కోరుకుని తింటారు. నా దగ్గరకి వచ్చేసరికి ఆవిడ ఇంకో చిన్న పళ్ళెం తీసింది. అందులో బుట్టలో పెట్టిన రొట్టె, ఉప్పు. రొట్టె, ఉప్పుతో అతిథిని ఆహ్వానించడం పోలండ్‌లో పాత మర్యాద. నేను ఆ రొట్టె ముక్క ఉప్పులో అద్ది తిన్నాను. బీట్‌రూట్‌లో హార్స్‌రాడిష్ తురిమిన పచ్చడి కూడా వేసుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అందరూ నవ్వారు.

తర్వాత నా వంతు. కేసరి గిన్నె బల్ల మీద పెట్టి, వడ్డించే ముందు ఒక మాట చెప్పాను: "ఇది మా దేవుడికి నివేదన చేసి తెచ్చింది. అది తెలిసి తినాలనిపిస్తేనే తినండి." సింధూరం కథ చెప్పాను. బాప్చా శ్రద్ధగా విని, "ఒక్క చిటికెడు చాలదనుకున్నాడా!" అని నవ్వి, చెంచాతో తీసుకుంది. మనవరాలు రెండోసారి అడిగి వేయించుకుంది.

కానీ బాప్చా అల్లుడు తినలేదు. మర్యాదగా థాంక్స్ చెప్పి, గిన్నె పక్కకి జరిపాడు. నిజం చెప్తున్నా, నాకు చురుక్కుమంది. మా స్వామి ప్రసాదాన్ని వద్దంటాడా అనిపించింది.

ఒక్క నిమిషం ఆగితే అర్థమైంది. పది నిమిషాల క్రితం ఆయన పండగలో అతి ముఖ్యమైన గుడ్డు ముక్కని నేను వద్దన్నాను. ఎవరూ మొహం ముడుచుకోలేదు. వేరే పళ్ళెం పెట్టారు. నా నియమానికి వాళ్ళు ఇచ్చిన గౌరవం ఆయన నమ్మకానికి నేను ఇవ్వలేనా? లేచి, ఆయన పళ్ళెంలోకి రొట్టె అందించాను. ఆయన నవ్వుతూ తీసుకుని, కొండగట్టు గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరమే ఎక్కువ మాట్లాడుకున్నాం.

మర్నాడు సోమవారం కూడా సెలవే. దాన్ని "శ్మీగుస్ డింగుస్" అంటారు, తడి సోమవారం అన్నమాట. ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటారు. ఏప్రిల్ చలిలో మెట్లు దిగుతున్న నా నెత్తిన మనవరాలు చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. మన హోళీ, వసంతోత్సవం గుర్తొచ్చాయి. తడి బట్టలు మార్చుకుని అందరం విస్తులా నది ఒడ్డున నార్బర్టైన్ సన్యాసినుల మఠం ముందు జరిగే ఎమావుస్ తిరునాళ్ళకి వెళ్ళాం. కొయ్య బొమ్మలు, తీపి రొట్టెలు, బుడగలు, పిల్లల ఏడుపులు. జీళ్ళ దుకాణం ఒక్కటే తక్కువ!

ఇందులో మనం నేర్చుకోవలసింది

ఇలాంటి సందర్భాల్లో మనం రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాం. మొదటిది, భయంతో గదిలో దాక్కోవడం. రెండోది, "అన్ని మతాలూ ఒకటే" అని ఒక్క మాటలో తేల్చేసి, అన్నిట్లోనూ కలిసిపోవడం. మొదటిది మన ధర్మం అంత బలహీనమైనదా అన్న అనుమానం నుంచి వస్తుంది. రెండోది పైకి ఉదారంగా కనిపిస్తుంది గానీ, ఎదుటివాళ్ళని నిజంగా వినడం అందులో ఉండదు. బాప్చాకి ఈస్టర్ అంటే వసంతకాలం వేడుక మాత్రమే కాదు. క్రీస్తు మరణించి తిరిగి లేచాడన్న విశ్వాసం. దాన్ని మన ఉగాదితో సమానమని కలిపేస్తే ఆవిడకీ న్యాయం చేయలేదు, ఉగాదికీ చేయలేదు. పోలికలు మాట కలపడానికి మంచివే. తేడాలు తెలిస్తేనే గౌరవం కుదురుతుంది.

ఎవరు ఏ రూపాన్ని శ్రద్ధతో కొలవాలనుకుంటే ఆ శ్రద్ధని నేనే స్థిరం చేస్తానని భగవంతుడు గీత ఏడో అధ్యాయం 21వ శ్లోకంలో చెప్పాడు. ఆయనే స్థిరం చేస్తున్న శ్రద్ధని చూసి మనం భయపడటం ఎందుకు, వెక్కిరించడం ఎందుకు?

కాబట్టి మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

1. తిననిది ముందే చెప్పండి. బల్ల ముందు కూర్చున్నాక కాదు, పిలిచిన రోజే. సాకులు వద్దు. "ఇది నా నియమం" అన్న ఒక్క మాట చాలు.

2. చర్చి లోపలికి వెళ్తే నిశ్శబ్దంగా కూర్చోండి. క్యాథలిక్ ప్రార్థనలో చివర్లో వరసగా వెళ్ళి తీసుకునే చిన్న అప్పం ప్రసాదం లాంటిదే కదా అని మీరూ వెళ్ళకండి. అది ఆ విశ్వాసంలో దీక్ష పొందినవాళ్ళకి మాత్రమే. కూర్చున్న చోటే ఉండటం మర్యాద.

3. మీ ప్రసాదం ఇచ్చేటప్పుడు అది ప్రసాదమని చెప్పి ఇవ్వండి. వద్దంటే నొచ్చుకోకండి.

4. అడగండి. "ఇది ఎందుకు చేస్తారు?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, సంతోషిస్తారు. అదే ప్రశ్న తిరిగి మీకూ వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి.

ఆ నాలుగోదే అసలు పాఠం అండీ. నేను పరాయి పండగకి వెళ్ళినందుకు నా ధర్మానికి దూరం కాలేదు. ఎందుకు అని అడిగిన ఒక అమ్మమ్మ వల్ల దానికి దగ్గరయ్యాను.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో రోజూ చేసే ఒక్క ఆచారం తీసుకోండి. గడపకి పసుపు కావచ్చు, తులసికోట ముందు దీపం కావచ్చు, కొబ్బరికాయ కొట్టడం కావచ్చు. అమ్మనో, నానమ్మనో, తాతయ్యనో కూర్చోబెట్టి ఎందుకు చేస్తామని అడగండి. ఈసారి ఫోన్ పక్కన పెట్టి వినండి. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

స్వామి దయ అందరి మీదా ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం మరో విషయంతో కలుద్దాం.

జై హనుమాన్. శుభం భూయాత్.